అడవి కాచిన వెన్నెల

మీరు బస్సు దిగేసరికి సాయంత్రం ఐదున్నర. కార్తీక బహుళ చవితి. పొద్దు నల్లమల వెనక్కి జారిపోయింది. వెలుతురు మాత్రం బేస్తవారిపేట డాబాల మీద, తీయడం మరిచిన బట్టల్లా ఇంకా మిగిలి ఉంది. కంభం వెళ్ళేవాళ్ళు, గిద్దలూరు వెళ్ళేవాళ్ళు, మార్కాపురం వెళ్ళేవాళ్ళు చేతిసంచులతో రోడ్డు వారన నిలబడి ఉన్నారు. టీ బంకులో పాలు పొంగుకొస్తున్నాయి. బోర్డు మీద ఊరి పేరు చదువుతూ ఒక మాట నోట్లో తిప్పుకుంటారు. బేస్తవారం. గురువారాన్ని ఈ వైపు పెద్దవాళ్ళు ఇంకా అలాగే అంటారు.

మీరు వచ్చింది చీకటి కోసం.

యూరప్ చిత్రకారుల రాత్రి బొమ్మలు పుస్తకాల్లో చూశారు. వెన్నెల సముద్రం, వెన్నెల కొండ, వెన్నెల్లో పాడుబడ్డ గుడి. చాలావరకు నల్లగా ఉన్నాయి, నడుమ ఒక తెల్లచుక్క. పేజీ తిప్పేశారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే తిప్పేశాను. ఆ బొమ్మలు చూడాలంటే ముందు మనకొక అసలైన రాత్రి తెలిసి ఉండాలని నాకు ఈ ఊరి పక్కనే తెలిసింది. అందుకే మిమ్మల్ని ఇక్కడికి రమ్మన్నాను.

ఆరు దాటింది. వీధి దీపాలు వెలిగాయి. కొట్ల ముందు తెల్లటి ఎల్‌ఈడీ గొట్టాలు, మందుల షాపు మీద పచ్చ ప్లస్సు గుర్తు, లారీల హెడ్‌లైట్లు. వాటి కింద నిలబడి ఆకాశం వైపు తలెత్తితే బూడిదరంగు గుడ్డ తప్ప ఏమీ లేదు. మనకి బండి ఇచ్చిన ఇంటివాళ్ళ పెద్దామె మెట్ల మీద కూర్చుని ఉంది. ఇవాళ సంకటహర చవితి, ఆమె పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. చంద్రుణ్ణి చూసి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు తింటుంది.

"ఎన్నింటికొస్తాడమ్మా?"

"ఎనిమిదిన్నర దాటుద్ది నాయనా. ఇండ్లు, చెట్లు దాటుకోని నాకు కనపడేసరికి తొమ్మిది. మీరు చెరువుకాడికి పోతే ముందే కనపడతాడేమో."

పున్నమి తర్వాత చంద్రుడు రోజుకి ముప్పావుగంటకి పైగా ఆలస్యంగా వస్తాడు. ఈ లెక్క ఆమె గడియారంతో నేర్చుకోలేదు, ఆకలితో నేర్చుకుంది. ఏళ్ళ తరబడి నెలకొక రాత్రి చంద్రుడి కోసం ఎదురుచూసిన మనిషి ఆమె. మనం వెళ్ళబోయే చోట ఆమె మాట గుర్తుంచుకోండి. ఎనిమిదిన్నర దాకా మనకి చంద్రుడు లేడు.

బండి కంభం దారి పట్టింది. ఊరి దీపాలు వెనకబడ్డాయి. రెండు వైపులా కంది చేలు, మిరప చేలు. కార్తీకపు చలి మోచేతుల దగ్గర మొదలై భుజాలకి పాకుతుంది. ఎదురుగా ఒక లారీ వస్తుంది, ఒక్క క్షణం లోకమంతా తెల్లబడుతుంది, తర్వాత మరింత నల్లబడుతుంది. లారీ వెళ్ళాక మీ కంట్లో రెండు ఆకుపచ్చ మచ్చలు ఈదుతూ చాలాసేపు ఉంటాయి.

కంభం చెరువు కట్ట. ఇంజను ఆపేస్తాం. చప్పుడు ఆగిన చోట ఇంకో చప్పుడు మొదలవుతుంది. కీచురాళ్ళు, కప్పలు, ఆయకట్టు వైపు ఎక్కడో తీతువు. గుండ్లకమ్మ, జంపలేరు రెండు కొండల మధ్య సందులోంచి పారిపోకుండా అడ్డంగా వేసిన కట్ట ఇది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడ చెప్పుకుంటారు. యాభై ఏడు అడుగుల ఎత్తు, దాని వెనక కోసుల కొద్దీ నీళ్ళు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చారు. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో ఇదే చెరువు బీటలు వారిన బయలు. ఈసారి నీళ్ళున్నాయి. ఉన్నాయని వాసన చెబుతోంది. పాచి, చేప, తడిమట్టి. కంటికి మాత్రం ఇంకా ఏమీ లేదు.

మొదటి ఐదు నిమిషాలు మీరు భరించలేరు. జేబులో ఫోను తడుముకుంటారు, దీపం వేస్తారు. అడుగు మేర గడ్డి, రెండు రాళ్ళు, మీ చెప్పులు కనపడ్డాయి. కట్ట మీద ఎవరో దగ్గిన చప్పుడు. ఒక ముసలాయన, తలకి తువ్వాలు, చేతిలో కర్ర. చేను కావలికి పోతూ ఆగాడు.

"ఎవురు సామీ?"

"ఊరికే చూడ్డానికొచ్చాం పెద్దాయనా."

"చూడ్డానికైతే ఆ సెల్లు లైటు ఆర్పు. అది ఆర్పితే అన్నీ కనపడతయ్."

ఆర్పేయండి. రాత్రి బొమ్మల గురించి నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ ఇంత సూటిగా చెప్పిన మాట లేదు.

ఇప్పుడు మీ కంటిలో జరుగుతున్నది చెబుతాను. లోపల రెండు రకాల కణాలున్నాయి. పగలు పనిచేసేవి శంకు కణాలు, రంగులు వాటివే. రాత్రికి దండ కణాలు. వాటికి రంగు తెలియదు, వెలుగు ఉందా లేదా అన్నదే తెలుసు. అవి పూర్తిగా మేలుకోవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క లారీ, ఒక్క ఫోను తెర వాటి పనిని మళ్ళీ మొదటికి తెస్తుంది. పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళలో ఆ ముప్పై నిమిషాలు ఒక్కసారి కూడా దాటనివాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళకి రాత్రి అంటే దీపాల మధ్య దూరం.

పది నిమిషాలు. కొండ అంచు ఆకాశం నుంచి విడిపోయింది. రెండూ నలుపే, అయినా ఒకటి కాదు. కొండది బరువైన నలుపు, ఆకాశానిది లోతైన నలుపు. ఇరవై నిమిషాలు. నీళ్ళు తేలాయి. అద్దంలా కాదు, తుడిచిన పలకలా. ముప్పై నిమిషాలయ్యేసరికి కట్ట మీద రాళ్ళకి అంచులు వచ్చాయి, ముసలాయన తువ్వాలు తెల్లదని తెలిసింది. తల ఎత్తండి. తూర్పున పిల్లలకోడి, పుస్తకాల్లో కృత్తికలనే చుక్కల గుంపు. సూటిగా చూస్తే అది పొగలా ఉంది. ఇప్పుడు దాని పక్కకి, కాస్త ఎడంగా చూడండి. ఒక్కసారిగా పొగ చుక్కలైంది. చూపు నట్టనడుమ దండ కణాలు ఉండవు, అందుకని సన్నని వెలుగుని సూటిగా చూస్తే మాయమవుతుంది, ఓరగా చూస్తే వస్తుంది.

మన భాషకి ఈ అరగంట బాగా తెలుసు. మునిమాపు, మసక, గుడ్డివెన్నెల, చిమ్మచీకటి, కటికచీకటి, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఇన్ని మాటలు దండగకి పుట్టలేదు. కొలవడానికి పుట్టాయి.

ఇంకొకటి గమనించండి. కట్ట కింద మిరప చేలో పగలైతే ఎర్రగా కనపడే పండుకాయ ఇప్పుడు ఆకు కన్నా నల్లగా ఉంది. పగలు ఎరుపే ముందు కంట పడుతుంది. చీకట్లో అదే ముందు చచ్చిపోతుంది, ఆకుపచ్చా నీలమూ కాసేపు నిలుస్తాయి. దండ కణాలకి ఎరుపు కనపడకపోవడమే దీనికి కారణం. పుర్‌కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దం తొలి పాదంలో దీన్ని గమనించి రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో, ఇంగ్లండులో చిత్రకారులు రాత్రిని నీలంగా, బూడిద పచ్చగా వేస్తున్నారు. శాస్త్రం తెలిసి కాదు, బయట నిలబడి చూశారు గనక.

ఎనిమిదీ నలభై. కొండ వెనక ఏదో జరుగుతోంది. ముందు ఒక పొగమంచు లాంటి పాలిపోవడం. తర్వాత కొండ మీది ఒక్కో చెట్టూ విడివిడిగా కత్తిరించినట్టు నిలబడింది. అప్పుడు అంచు. రాగి రంగు. పైభాగం కొంచెం అరిగిన బింబం, తొందరేమీ లేకుండా చెట్ల మధ్య నుంచి లేస్తోంది.

"వచ్చినాడు," అన్నాడు ముసలాయన, పిలిచిన చుట్టం గురించి చెప్పినట్టు.

బేస్తవారిపేటలో ఆ మెట్ల మీది పెద్దామెకి ఇంకా కనపడి ఉండడు. మనకి కనపడ్డాడు. అరచేయి చాపండి. నీడ పడింది. చవితి చంద్రుడి వెలుగు నిండు పున్నమి వెలుగులో సగం కూడా ఉండదంటే నమ్మరు. బింబం కొద్దిగానే తరిగింది, వెలుగు మాత్రం సగానికి పైగా పోయింది. పున్నమినాడు సూర్యుడు మన వీపు వెనక నుంచి చంద్రుడి మీద సూటిగా పడతాడు, అక్కడి గోతులకీ గుట్టలకీ నీడలు కనపడవు. నాలుగో రోజుకి ఆ నీడలన్నీ పక్కకి సాగి వెలుగుని తాగేస్తాయి. నిండు పున్నమి వెన్నెలే ఎండ కన్నా నాలుగు లక్షల రెట్లు తక్కువ. దానిలోనూ సగం లేని వెలుగు ఇది. ఈ కాస్త వెలుగులో మీకు కొండ, నీళ్ళు, కట్ట, మనిషి, మీ చేతి గీతలు కూడా కనపడుతున్నాయి.

చంద్రుడు రాగి నుంచి ఇత్తడికి, ఇత్తడి నుంచి వెండికి మారేదాకా కూర్చుందాం. ఈలోగా ఒక రాయి గురించి చెప్పాలి.

ఇక్కడికి కాసేపటి దూరంలోనే మార్కాపురం. మన తరం వాళ్ళు అక్షరాలు దిద్దిన పలకలు అక్కడి నేల లోంచి వచ్చినవే. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. అంచున ఉలి పెట్టి సుత్తితో తట్టితే పుస్తకంలో పేజీ విడినట్టు పొర విడుతుంది. దాన్ని కోసి, రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడి పలక. నా పలక మూల పగిలి ఉండేది. దాని మీద నేను వేసిన మొదటి బొమ్మ చంద్రుడు. బలపంతో గుండ్రంగా సున్నా చుట్టి, లోపలంతా తెల్లగా నింపాను. ఆకాశం వేయలేదు. ఆకాశం అప్పటికే అక్కడ ఉంది.

తెల్ల కాగితం మీద పగలు వేయడం తేలిక, కాగితమే పగలు. రాత్రి వేయాలంటే కాగితం నిండా నలుపు పులమాలి. పలక మీద అలా కాదు. చీకటి ముందే ఉంటుంది, మీరు తెచ్చేది వెలుగొక్కటే. అదీ కొంచెం తేవాలి. ఎక్కువ తెస్తే పలక తెల్లబడి బొమ్మ పోతుంది, తడిగుడ్డతో తుడవాల్సి వస్తుంది. రాత్రి బొమ్మల రహస్యం నాకు తెలిసినంతలో ఇదే. పాత చిత్రకారులు చాలామంది గుడ్డ మీద ముందు ముదురు రంగు పూత పూసుకుని, దాని మీదే వెలుగుని మెట్టు మెట్టుగా ఎక్కించేవాళ్ళు. రంగుకి ఒక హద్దుంది. ఎంత తెల్లటి రంగైనా గదిలో వెలుగుని తిప్పికొట్టగలదు గానీ తానుగా వెలగలేదు. ఎంత నల్లటి రంగైనా కొంచెం వెలుగుని వదిలేస్తుంది. ఆ తెలుపుకీ ఈ నలుపుకీ మధ్య తేడా కొన్ని పదుల రెట్లే. చిత్రకారుడి దగ్గర చంద్రుడు లేడు. ఉన్నది సీసపు తెలుపు. అది చంద్రుడిలా వెలగాలంటే చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ దానికోసం తగ్గించాలి.

ఇక్కడొక సంగతి నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది. చంద్రుడు తెల్లవాడు కాడు. తన మీద పడిన వెలుగులో నూటికి పన్నెండు పాళ్ళే తిప్పి పంపుతాడు. పాతబడిన తారురోడ్డు కూడా ఇంచుమించు అంతే పంపుతుంది. అక్కడి నేల బూడిదా నలుపూ కలిసిన రాయి, మార్కాపురం పలకకి దూరపు చుట్టం లాంటి రంగు. చుట్టూ అంత చీకటి ఉంది గనక మనకి వెండిలా కనపడుతోంది. పైన ఉన్నదీ పలకే.

ఇప్పుడు ఇంకో చీకట్లోకి వెళ్దాం. కళ్ళు ఎలాగూ అలవాటు పడ్డాయి.

1880, సెయింట్ పీటర్స్‌బర్గ్. చలి మొదలవుతోంది. వీధిలో బారులు తీరి జనం, గుర్రపు బళ్ళు. మీరు వరసలో నిలబడి నిలబడి లోపలికి వచ్చారు. గది కిటికీలకి తెరలు దించేశారు. గదిలో ఒకే ఒక్క బొమ్మ. మీటరు ఎత్తు, దాదాపు మీటరున్నర వెడల్పు. దాని మీద మాత్రం దీపపు వెలుతురు. బొమ్మలో ముప్పావువంతు చీకటి. కింద నీపర్ నది పచ్చటి లోహంలా మెరుస్తూ వంపు తిరిగింది, పైన మబ్బుల నడుమ చంద్రుడు. ఈ గట్టున గుడిసెలు నల్ల ముద్దల్లా ఉన్నాయి. ఒకదాని కిటికీలో పిసరంత ఎర్రటి దీపం. మీ పక్కన ఒకాయన మెల్లగా నడిచి బొమ్మ వెనక్కి తొంగి చూశాడు. గుడ్డ వెనక దీపం పెట్టారేమో చూద్దామని. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

వేసినవాడు అర్ఖిప్ కుయిన్జీ. మరియుపోల్‌లో, చెప్పులు కుట్టే గ్రీకు ఇంట పుట్టి చిన్నతనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. ఫోటోలకి మెరుగులు దిద్దే పని చేశాడు. 'నీపర్ నది మీద వెన్నెల రాత్రి' అనే ఆ ఒక్క బొమ్మతో ఒక ప్రదర్శన పెట్టాడు. చీకటి గదిలో పెట్టడం వట్టి వేడుక కోసం కాదనుకుంటాను. వీధిలోంచి వచ్చిన కంటికి ఆ గది చేసింది ఇందాక కట్ట మీద మనకి ముసలాయన చేసిందే.

కుయిన్జీ ఆ నలుపు కోసం తారు జాతి రంగు వాడాడు. తడిగా ఉన్నప్పుడు దానంత లోతైన నలుపు ఇంకొకటి ఉండదు. కాలం గడిచేకొద్దీ అదే ఇంకా నల్లబడి పక్కనున్న రంగుల్ని మింగుతుంది. తోటి చిత్రకారుడు క్రామ్‌స్కోయ్ ఈ రంగులు ఎంతకాలం నిలుస్తాయోనని అప్పుడే కలవరపడ్డాడు. కొన్న రాజవంశీకుడు బొమ్మని తన ఓడలో సముద్రయానానికి వెంట తీసుకెళ్ళాడు. రచయిత తుర్గేనెవ్ వద్దని బతిమాలినా వినలేదు. ఉప్పు గాలి తన పని తాను చేసింది. ఇప్పుడు రష్యన్ మ్యూజియంలో ఉన్న బొమ్మ, ఆ గదిలో జనం చూసిన బొమ్మ కన్నా చీకటిది. తారురోడ్డు లాంటి చంద్రుణ్ణి తారు జాతి నలుపుతోనే వెలిగించి, ఆ నలుపుకే కొంత అప్పగించాడు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ వేస్తుంది. చీకటి అప్పిస్తుంది గానీ ఊరికే ఇవ్వదు.

కట్ట దిగి ఒడ్డు వెంట కొంచెం నడుద్దాం. చంద్రుడూ మనమూ నీటికి చెరోవైపు వచ్చేదాకా. జాగ్రత్త, కంప ఉంది. ఇదిగో, ఇక్కడ. చంద్రుడి కింద నుంచి మీ కాళ్ళ దాకా నీటి మీద వెలుగు దారి. రెండడుగులు పక్కకి వేయండి, దారీ మీతో వచ్చింది. మీ దారి మీ కళ్ళది, నాకు కనపడే దారి వేరు, ముసలాయనది వేరు. నీటి మీద ప్రతి అలా చిన్న అద్దం. చంద్రుణ్ణి మీ కంటికి పంపగలిగినంత వంపున్న అలలే మీకు వెలుగుతాయి, తక్కినవి చీకటిగా ఉండిపోతాయి. చెరువంతా వెన్నెల పడుతూనే ఉంది, మీకు మీ వాటా కనపడుతోంది.

ఆ దారికి ఎడంగా, దూరంగా, ఒక ఎర్రటి చుక్క. కదులుతోంది. తెప్ప మీద చేపలవాడు, వలలు చూసుకుంటున్నట్టున్నాడు. అతని దగ్గర దీపముంది. మనిషి కనపడడు, తెప్ప కనపడదు, దీపం మాత్రమే.

1796లో లండన్ రాయల్ అకాడమీలో ఒక ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు తన తొలి తైలవర్ణ చిత్రాన్ని ప్రదర్శనకి పెట్టాడు. పేరు టర్నర్. బొమ్మ పేరు 'సముద్రంలో చేపలవాళ్ళు'. మబ్బుల్ని చీల్చుకుని చల్లటి చంద్రుడు, కింద ఎగసిపడే నీళ్ళు, ఒక పడవ, పడవలో ఒక లాంతరు. బొమ్మలో రెండు వెలుగులు. చంద్రుడిది అందరిదీ, ఎవరినీ వెచ్చబెట్టదు. లాంతరుది ఆ పడవలోని నలుగురిదే, దాటి రెండు బారలు కూడా పోదు. ఈ రెండూ ఒకే బొమ్మలో ఉన్నప్పుడు చీకటి ఎంత పెద్దదో తెలుస్తుంది. వట్టి చంద్రుడైతే అందంగా ఉంటుంది. లాంతరు పక్కన పెడితే భయం వేస్తుంది, ఆ మనుషుల మీద ప్రేమా కలుగుతుంది. కుయిన్జీ గుడిసె కిటికీలో ఎర్ర దీపం పని కూడా ఇదే. ఈ చెరువులో ఆ చుక్క పనీ ఇదే.

జర్మనీలో ఫ్రీడ్రిష్ మాత్రం దీపం పెట్టలేదు. డ్రెస్‌డెన్‌లో ఉన్న 'చంద్రుణ్ణి చూస్తున్న ఇద్దరు' 1819-20 నాటిది. చాలా చిన్న బొమ్మ, ముప్పై ఐదు సెంటీమీటర్లకి నలభై నాలుగు. నాలుగు బడి పలకలు కలిపి పెడితే దాదాపు అంత. కొండ దారిలో ఇద్దరు మగవాళ్ళు మనకి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఒకరి భుజం మీద ఇంకొకరి చెయ్యి. పక్కన వేళ్ళు పెళ్ళగిలిన చెట్టు. ఎదురుగా నెలవంక, దగ్గరగా శుక్రుడు. నెలవంక ఒళ్ళో మిగతా బింబం మసకగా కనపడుతుంది. మనం విదియనాడు చూసే నెలవంకలోనూ అది ఉంటుంది. భూమి మీద పడ్డ ఎండ ఎగిరి చంద్రుడి చీకటి భాగం మీద పడి తిరిగి మన కంటికి వచ్చే వెలుగు. ఫ్రీడ్రిష్ దాన్ని వదలకుండా వేశాడు. ఆ ఇద్దరి ముఖాలు ఎప్పటికీ కనపడవు. వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు. వాళ్ళ వీపుల వెనక ఖాళీ చోటు మాత్రం మీకోసం ఉంది. ఇప్పుడు మీరు ముసలాయన వెనక నిలబడినట్టే.

మన దగ్గర ఎవరూ వేయలేదా? రాజమండ్రిలో దామెర్ల రామారావు ఉన్నాడు. 1897లో పుట్టాడు, కాలేజీ ప్రిన్సిపాలు, చిత్రకారుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అతన్ని గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయిలో చదివి వచ్చి సొంత ఊళ్ళో బొమ్మల బడి పెట్టాడు. 1925లో మశూచి తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అతని చిత్రాల్లో ఒకదాని పేరు 'కార్తీక పౌర్ణమి'. ఇంకో ముప్పై ఏళ్ళు బతికి ఉంటే గోదావరి రాత్రులకి ఏం జరిగి ఉండేదో అని ఈ కట్ట మీద కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను. నల్లమల రాత్రిని వేసిన బొమ్మ ఏదీ ఇంతవరకు నా కంట పడలేదు. మార్కాపురం పలకల మీద బడిపిల్లలు వేసి తుడిచేసిన వేలాది చంద్రుళ్ళు తప్ప.

వెన్నెలంటే మనకి ఇష్టం లేక కాదు. వెన్నెల్లో బువ్వలు తిన్నాం, వెన్నెల కుప్పలాట ఆడాం, డాబా మీద పక్కలేసుకుని కథలు చెప్పుకున్నాం. పిండి ఆరబోసినట్టుందన్నాం. మనిషి ఉన్న చోటే వెన్నెలకి విలువ ఇచ్చాం. మనిషి లేని చోట పడ్డదానికి ఒక మాట పెట్టాం. అడవి కాచిన వెన్నెల. అంటే దండగైపోయిందని. చదువుకుని కొలువు దొరకని పిల్లవాడి గురించి అంటాం, మెచ్చుకునేవాళ్ళు లేని పాట గురించి అంటాం. నాకు చిన్నప్పటి నుంచీ ఈ మాట దగ్గర గొంతు పట్టేస్తుంది. అటు చూడండి, నల్లమల. కోసుల కొద్దీ అడవి. ఇప్పుడు ప్రతి ఆకు మీదా వెన్నెల పడుతోంది. ఎవరూ తొక్కని వాగు మీద, దుప్పి వీపు మీద, ఎవరూ పేరు పెట్టని గుట్ట మీద. దండగని ఎవరన్నారు? ఫ్రీడ్రిష్, టర్నర్, కుయిన్జీ చేసిన పని ఒక్కటే. మనిషి ఇంటి ముంగిట్లోంచి లేచి ఆ అడవి వెన్నెల దాకా నడిచి వెళ్ళారు. అది తమకోసం కాయడం లేదని తెలిసీ నిలబడి చూశారు. బొమ్మలో మనిషిని పెట్టినా చిన్నగా, వీపు తిప్పి పెట్టారు.

ముసలాయన కర్ర ఎత్తి కొండ వైపు చూపించాడు.

"పున్నమికి ఇంకా బాగుంటది. కొండ మీద చెట్లు లెక్కబెట్టుకోవచ్చు."

"మీరు లెక్కపెట్టారా?"

"పందులు రాకుండా రాత్రంతా కూర్చోవాల గదా. ఇంకేం జేస్తా?"

చంద్రుడు బారెడు పైకొచ్చాడు. ఇప్పుడు పూర్తిగా వెండి. ముసలాయన తువ్వాలు, మీ చొక్కా, కట్ట రాళ్ళు అన్నీ ఒకే జాతి బూడిదరంగులో ఉన్నాయి. ఎవరిది ఏ రంగో చెప్పలేం. అయినా ఏదీ పోలేదు. బేస్తవారిపేటలో పెద్దామె ఈపాటికి దణ్ణం పెట్టుకుని విస్తరి ముందు కూర్చుని ఉంటుంది. దూరంగా కంభం మీదుగా రైలు కూత వినపడింది, ఆగింది.

చెరువులో ఆ ఎర్ర చుక్క ఇంకా కదులుతోంది. అతని పని అయినట్టుంది, ఒడ్డు వైపు తిరిగాడు. కాసేపటికి దీపం ఆర్పేశాడు. ఒక్క క్షణం అక్కడ ఏమీ లేదు. తర్వాత, కళ్ళు సర్దుకున్నాక, నీటి మీద సన్నటి తెప్ప, దాని మీద వంగి తెడ్డు వేస్తున్న మనిషి, అతని వెనక నీటి మీద విడిపోతున్న రెండు వెండి గీతలు కనపడ్డాయి.